మానిఫోల్డ్‌కి ఏ పూత వేయిస్తే నిలుస్తుంది? సముద్రపు గాలిలో తిరిగే పాత కార్లు, జీపుల కోసం

వానలు వెళ్ళాక అంబాసిడర్ బానెట్ ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వచ్చే పొగని పోగుచేసి సైలెన్సర్ గొట్టానికి పంపే పోత ఇనుప భాగం) మీద వెండి రంగు చేప పొలుసుల్లా లేచి ఉంది. గోరు తగిలితే చాలు, రేకులు రేకులుగా ఊడి చేతిలోకి వచ్చేస్తోంది. ఒక రేకు తిప్పి చూశాను. పైన ఇంకా మెరుస్తూనే ఉంది, వెనకంతా ఎర్రటి తుప్పు. వేయించి ఏడాది కూడా కాలేదు. డబ్బా మీద 600 డిగ్రీలు తట్టుకుంటుందని రాసి ఉంది. నా బండి అంత వేడెక్కే పని ఎప్పుడూ చేయలేదు. నెలకి రెండు మూడు సార్లు విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్ళి రావడం, మిగతా రోజులు షెడ్డులో ఉండటం. ఆ రేకు మా మేస్త్రికి ఇస్తే వెలుతురుకి పట్టి చూసి, "ఇది ఏడికి పోనేదు బాబూ, తడికి పోనాది" అన్నారు. అంటే వేడికి కాదు, తడికే పోయిందని.

ఆ తర్వాత మళ్ళీ వేయించే ముందు దొరికే పూతలన్నిటి గురించీ చదివాను, వేసేవాళ్ళని అడిగాను, రెండు రకాలు స్వయంగా వేసి చూశాను. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మహీంద్రా జీపు, జిప్సీ లాంటి బళ్ళు బాగు చేయించుకుంటున్నవాళ్ళు ఈ మానిఫోల్డ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంటారు. కొత్త కార్లలో దాని మీద రేకు కవచం ఉంటుంది, బయటికి కనబడదు. పాత బళ్ళలో బానెట్ ఎత్తగానే ముందు కనబడేది అదే. ఇంజిన్ అంతా రంగు వేసి అది ఒక్కటీ తుప్పు పట్టి ఉంటే కన్ను అక్కడికే పోతుంది.

## ముందు తేల్చుకోవలసినవి

అందరూ వేడి నంబరు చూసి డబ్బా కొంటారు. మన దగ్గర అది రెండో ప్రశ్న. మొదటిది: బండి ఎంతసేపు నిలబడి ఉంటుంది, ఎక్కడ నిలబడి ఉంటుంది?

సముద్రం ఒడ్డున కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కిటికీ చువ్వలకి ఏటా రంగు వేసినా తుప్పు ఆగదు. మానిఫోల్డ్ బరువైన పోత ఇనుము. రాత్రంతా చల్లబడి, తెల్లవారాక తేమగాలి తగలగానే చల్లనీళ్ళ చెంబుకి పట్టినట్టు చెమట పడుతుంది. ఆ తేమలో ఉప్పు కూడా ఉంటుంది. రోజూ నడిచే బండి అయితే పావుగంటలో ఆ తడి ఆవిరైపోతుంది. పది రోజులు కదలని బండిలో అది పూతలోని సన్న రంధ్రాల్లోంచి ఇనుము దాకా దిగుతుంది. అడుగున తుప్పు పుడితే దాని ఒళ్ళు పెరుగుతుంది, పైనున్న పూతని ఎత్తేస్తుంది. నా రంగుకి జరిగింది అదే. అందుకే తక్కువ నడిచే బండికి, ఎక్కువ నడిచే బండికి ఒకే సలహా పనికిరాదు.

వేడి సంగతి. పెట్రోల్ ఇంజిన్ మీద బరువు పడినప్పుడు అందులోంచి బయటికొచ్చే వాయువు 800 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మానిఫోల్డ్ పైచర్మం అంత ఉండదు. సాఫీ రోడ్డు మీద మామూలు వేగంలో సుమారు 300 నుంచి 500 మధ్య. డీజిల్‌కి ఇంకొంచెం తక్కువ. ఘాట్ ఎక్కేటప్పుడు లెక్క మారిపోతుంది. మీ బండి సంగతి తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. చీకటి పడ్డాక శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి, వెడల్పు చోటు చూసి ఆపి, వెంటనే బానెట్ ఎత్తండి. టార్చి వేయకండి. ఇనుము మసక ఎరుపులో కనబడితే 550 డిగ్రీలు దాటినట్టే. ఏమీ కనబడకపోతే అంతకన్నా తక్కువలో ఉన్నారు. దూరం నుంచి వేడి కొలిచే గన్ ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, మెరిసే వెండి పూత మీద అది అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది.

ఇంకో మోసం ఫారెన్‌హీట్‌ది. విదేశీ స్ప్రే డబ్బాల మీద 1200 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది మన లెక్కలో 649 మాత్రమే. 2000 అంటే 1093. డిగ్రీల పక్కన ఏ అక్షరం ఉందో చూడకుండా రెండు డబ్బాలు పోల్చకండి.

మూడోది, మానిఫోల్డ్ విప్పగలరా? ఇది చాలామంది ఆలోచించరు. నలభై ఏళ్ళ ఇంజిన్‌లో స్టడ్లు (మానిఫోల్డ్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే మర కడ్డీలు) నట్లతో కలిసి ఒకటైపోయి ఉంటాయి. బలవంతంగా తిప్పితే ఇంజిన్ హెడ్ లోపల విరిగిపోతాయి, అప్పుడు రంగు ఖర్చు పక్కకి పోయి లేత్ షాపు ఖర్చు మొదలవుతుంది. రెండు మూడు రోజుల ముందు నుంచి రోజూ తుప్పు వదిలించే నూనె కొడుతూ, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు నట్టుని కొంచెం బిగిస్తూ కొంచెం వదులు చేస్తూ తీయాలి. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వేయించండి. బుడితి ఇత్తడి సామాన్లు పుట్టిన శ్రీకాకుళం జిల్లా వైపు ఇత్తడి గుణం వేరే చెప్పాలా, అవి స్టడ్‌కి తుప్పుతో పట్టేయవు. మానిఫోల్డ్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే పాత గ్యాస్కెట్ పొరలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకవద్దు, తడిపి తీయండి.

విప్పలేని పరిస్థితి అయితే కింద చెప్పిన వాటిలో ఒక్క సిలికోన్ పెయింట్ మాత్రమే మీకు మిగులుతుంది, అదీ సగం ఫలితంతో. వెనక వైపుకి బ్రష్ వెళ్ళదు, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

## సిలికోన్ హీట్ పెయింట్

హార్డ్‌వేర్ షాపులో అల్యూమినియం హీట్ రెసిస్టెంట్ పెయింట్ పేరుతో దొరికేది, స్ప్రే డబ్బాల్లో వచ్చేదీ దాదాపు ఈ జాతే. బాయిలర్లకీ, పొగగొట్టాలకీ వేసేది ఇదే. ఇందులో జిగురుగా పనిచేసేది సిలికోన్ రెజిన్. మామూలు పెయింట్ జిగురు 200 డిగ్రీల దగ్గరే మాడిపోతుంది. ఇది వేడెక్కినప్పుడు మాడే భాగం మాడి, మిగిలిన సిలికా, అల్యూమినియం రేణువులు ఇనుముకి పట్టుకుని ఉండిపోతాయి. అందుకే దీన్ని కాల్చకుండా వదిలేస్తే సగం పనే అయినట్టు. కాల్చని పూత మెత్తగా ఉంటుంది, పెట్రోల్ చుక్క పడితే కరిగిపోతుంది. అంబాసిడర్ వాళ్ళకి ఇది ముఖ్యం. అందులో కార్బ్యురేటర్, ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉంటాయి. కార్బ్యురేటర్ కారుతూ ఉంటే ముందు అది బాగు చేయించండి. అది రంగు పోయే విషయం మాత్రమే కాదు, మంట అంటుకునే విషయం.

నా మొదటి పూత పోవడానికి ఇంకో కారణం కూడా ఉందని తర్వాత తెలిసింది. పెయింటింగ్ షెడ్డులో అలవాటు ప్రకారం ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, దాని మీద వెండి రంగు వేశారు. వాళ్ళకి తలుపులకీ చాసిస్‌కీ అదే పద్ధతి. ఆ ప్రైమర్ జిగురు మొదటి ప్రయాణంలోనే మాడి పొడి అయ్యింది, పైన ఉన్న మంచి పెయింట్ ఆ పొడి మీద కూర్చుంది. దీనికి కింద ప్రైమర్ వద్దు, కంపెనీయే వేయమని చెబితే తప్ప. శుభ్రమైన ఇనుము మీద నేరుగా వేయాలి.

పలచగా వేయాలి. ఒక్కో కోటు ఆరాక 20, 25 మైక్రాన్లు ఉంటే చాలు. తలవెంట్రుక మందంలో సగం కూడా కాదు. బాగుంటుందని మందంగా పూస్తే వేడికి బుడగలు లేస్తాయి. వెండి, నలుపు, ముదురు బూడిద రంగులు నిలుస్తాయి. తెలుపు కొన్నాళ్ళకి పచ్చబడుతుంది. మెరుపు ఎరుపు, నీలం కోరుకునేవాళ్ళు వేడి తక్కువ తగిలే చోట మాత్రమే ఆశ పెట్టుకోవాలి.

వందల రూపాయల్లో అయిపోతుంది, ఇంటి దగ్గర చేసుకోవచ్చు, పోయిన చోట గీకి మళ్ళీ వేసుకోవచ్చు. ఈ చివరి గుణాన్ని నేను ఎక్కువగా లెక్కిస్తాను. కానీ తడిని పూర్తిగా ఆపదు. నిలబడి ఉండే బండికి రెండేళ్ళకోసారి మళ్ళీ వేసుకోవలసిందే అనుకుని దిగండి.

## సిరామిక్ కోటింగ్

ముందు ఒక జాగ్రత్త. ఇప్పుడు పట్నంలో ప్రతి కార్ వాష్ బోర్డు మీదా సిరామిక్ కోటింగ్ అని ఉంటుంది. అది బాడీ రంగు మెరవడానికి గుడ్డతో రుద్దే ద్రవం. దానికీ మానిఫోల్డ్‌కీ సంబంధం లేదు. మీరు అడగవలసింది ఎగ్జాస్ట్‌కి వేసే సిరామిక్. అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్‌తో బ్లాస్టింగ్ చేసి (గరుకు రేణువుల్ని గాలితో బలంగా కొట్టి ఇనుముని శుభ్రం చేసి), స్ప్రే చేసి, రకాన్ని బట్టి ఓవెన్‌లో కాలుస్తారు. అమెరికాలో ఎన్‌ఐసీ ఇండస్ట్రీస్ తయారుచేసే సెరాకోట్‌లో ఓవెన్ లేకుండా గాలికే ఆరే రకం కూడా ఉంది. పూర్తిగా గట్టిపడటానికి ఐదు రోజులు పడుతుంది. దాని నలుపు రకానికి కంపెనీ చెప్పే హద్దు 982 డిగ్రీలు.

ఇందులో రెండు రూపాలు. ఒకటి వెండి అద్దంలా మెరిసేది. చూడగానే మనసు లాగుతుంది. కానీ దాని మెరుపు 700 డిగ్రీల దగ్గర మసకబారి బూడిద రంగులోకి దిగుతుంది. రెండోది మెరుపు లేని నలుపు లేదా బూడిద. వేడికి ఇదే గట్టిది. ఘాట్ రోడ్డు జీపుకి మెరిసే రకం వేయించుకోవడం డబ్బు వృథా. ఊళ్ళో తిరిగే కారుకి మెరిసే రకం చక్కగా నిలుస్తుంది.

తడిని ఆపడంలో పెయింట్ కన్నా ఇది చాలా మెరుగు. పూత చిక్కగా ఉంటుంది, ఇనుముని బిగించి పట్టుకుంటుంది. పైగా బానెట్ కింద వేడి కొంత తగ్గుతుంది. ఇబ్బందులు రెండు. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. రాయి తగిలో పానా జారో చెక్క లేస్తే ఆ ముక్క ఒక్కటే సరిచేయడం కష్టం, మళ్ళీ బ్లాస్టింగ్ నుంచి మొదలుపెట్టాలి. పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు రంగుల చార్టు కన్నా ముందు బ్లాస్టింగ్ ఎక్కడ చేస్తారో అడగండి. "ఎమెరీ పేపర్‌తో రుద్ది వేసేస్తాం" అంటే వెనక్కి వచ్చేయండి. ఏటి ఇసుకతో బ్లాస్ట్ చేసే చోటా వద్దు. ఆ ధూళి పనివాళ్ళ ఊపిరితిత్తులని తినేస్తుంది.

## పింగాణీ పూత

మన అమ్మమ్మల ఇళ్ళలో తెల్లటి ఎనామెల్ పళ్ళేలు ఉండేవి, అంచుకి నీలం గీతతో. ఇనుప రేకు మీద గాజు కరిగించి అతికించినవి. మానిఫోల్డ్‌కి వేసేదీ అదే గాజు, సుమారు 800 డిగ్రీల కొలిమిలో కరిగి ఇనుముకి అతుక్కుంటుంది. పాత జాగ్వార్ కార్లకి ఫ్యాక్టరీ నుంచే ఇలాంటి నల్లటి మెరుపు మానిఫోల్డులు వచ్చేవి. తడి లోపలికి వెళ్ళదు, రంగు వెలవదు, నూనె తుడిస్తే పోతుంది. అందంలో దీనికి సాటి లేదు.

ఆ పళ్ళెం చేయి జారి కింద పడితే ఏమయ్యేదో గుర్తుందా? అంచున చిన్న పెచ్చు లేచి నల్లటి మచ్చ, కొన్నాళ్ళకి అక్కడే తుప్పు. మానిఫోల్డ్ మీదా అంతే. వేడి మీద చల్లనీళ్ళు పడితే గాజు నెర్రెలిస్తుంది. మన వానల్లో రోడ్డు మీద నిలిచిన నీళ్ళలోంచి వెళ్తే అడుగు నుంచి చిందే నీళ్ళు తగలకుండా ఉండవు. కొలిమి వేడికి పోత ఒంగితే గ్యాస్కెట్ కూర్చునే ముఖం మళ్ళీ మెషీన్ చేయించాలి. మన జిల్లాల్లో ఇది చేయించుకోవడం తేలిక కాదు, దూరం పంపాలి. ప్రదర్శనలకి మాత్రమే బయటికి తీసే బండి ఉంటే ఆలోచించండి.

## అల్యూమినియం మెటల్ స్ప్రే

అల్యూమినియం తీగని కరిగించి గాలితో ఇనుము మీద చిమ్మే పద్ధతి. పూత 100 నుంచి 200 మైక్రాన్ల దాకా వస్తుంది. బాగా వేడెక్కితే అల్యూమినియం కొంత ఇనుములోకి ఇంకుతుంది. ఉప్పుగాలికి వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే, ఎందుకంటే చిన్న గీత పడినా చుట్టూ ఉన్న అల్యూమినియం తాను ముందు అరిగి ఇనుముని కాపాడుతుంది. గరుకుగా, మెరుపు లేని బూడిద రంగులో ఉంటుంది. కొత్త పోతలా కనబడుతుంది తప్ప అలంకారంగా ఉండదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఎర్రబడే మానిఫోల్డ్‌కి ఇది కాదు. ఫ్యాక్టరీల యంత్రాలకి పని చేసే వర్క్‌షాపుల్లో అడగాలి, కార్ల షెడ్డుల్లో దొరకదు.

## వద్దనేవి

క్రోమ్: బుల్లెట్ బెండు పైపు నీలంగా మారడం అందరూ చూసిందే. మానిఫోల్డ్ మీద ఇంకా త్వరగా మారుతుంది, పోత ఇనుము రంధ్రాల వల్ల పెచ్చులూ లేస్తుంది. గాల్వనైజింగ్: జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, దాని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మామూలు పౌడర్ కోటింగ్: మొదటి వారంలోనే మాడుతుంది. మానిఫోల్డ్‌కి చుట్టే గుడ్డ (హీట్ రాప్): రేసు బండికి సరే, మన తేమలో అది తడి గోనెసంచి కప్పినట్టు ఇనుముని లోపల కుళ్ళబెడుతుంది, ఇంజిన్ ఆయిల్ పీల్చుకుంటే మంటలు వస్తాయి.

| పూత | నమ్మదగిన వేడి | ఉప్పుగాలి, తడి | ఇంటి దగ్గర | చెడితే సరిచేయడం | రూపం |
|---|---|---|---|---|---|
| సిలికోన్ పెయింట్ | 600 దాకా | ఓ మాదిరి | అవుతుంది | తేలిక | వెండి, నలుపు |
| మెరిసే సిరామిక్ | 700 లోపు | మంచిది | కాదు | కష్టం | అద్దంలా |
| నల్ల సిరామిక్ | 900 పైన | మంచిది | కాదు | కష్టం | మెరుపు లేదు |
| పింగాణీ | రకాన్ని బట్టి | పెచ్చు లేవనంత కాలం చాలా మంచిది | కాదు | అవదు | గాజు మెరుపు |
| మెటల్ స్ప్రే | 550 దాకా | చాలా మంచిది | కాదు | కష్టం | బూడిద, గరుకు |

## మీ బండి ఏది?

ఇంటి దగ్గర ఎక్కువగా నిలబడి, పెళ్ళిళ్ళకీ పండగలకీ బయటికొచ్చే అంబాసిడర్ లేదా పద్మిని అయితే మెరిసే సిరామిక్. ఖర్చు పెట్టలేకపోతే సిలికోన్ పెయింటే వేసి, వారానికోసారి ఇరవై నిమిషాలు బండి నడపండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే తడి పోయేంత వేడి రాదు.

సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు వెళ్ళే జీపుకి నల్ల సిరామిక్. అంత ఖర్చు వద్దనుకుంటే వెండి పెయింట్, కానీ ఎర్రబడే చోట అది తెల్లబడి రాలుతుందని తెలిసే వేయండి. బారువ, కళింగపట్నం లాంటి చోట సముద్రానికి అతి దగ్గరగా, ఘాట్లు ఎక్కకుండా తిరిగే డీజిల్ జీపుకి నేనైతే మెటల్ స్ప్రే చేయించి, రూపం కోసం దాని మీద పలచగా ఒక కోటు సిలికోన్ పెయింట్ వేస్తాను. తుప్పు పని కింది పూత చూసుకుంటుంది, పైపూత అలంకారానికి.

బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనుకునేవాళ్ళు మెరుపు లేని బూడిద రంగు ఎంచుకోండి. వెండి మెరుపు చూడగానే కొత్తగా వేసిందని తెలిసిపోతుంది.

పోత మానిఫోల్డ్ బదులు స్టెయిన్‌లెస్ పైపు హెడర్ వేయించుకున్నవాళ్ళకి అసలు పూత అక్కర్లేదు. వేడికి అది ముందు గడ్డి రంగులోకి, తర్వాత ఊదా, నీలం రంగుల్లోకి తిరుగుతుంది. దాని మీద పోత ఇనుము పెయింట్ సరిగ్గా నిలవదు కూడా, వేడికి స్టెయిన్‌లెస్ చాలా ఎక్కువ సాగుతుంది. ఆక్సిజన్ సెన్సార్ ఉన్న ఇంజిన్ అయితే ఏ పూత వేసినా ముందు సెన్సార్ విప్పి పక్కన పెట్టండి.

## పెయింట్ మీరే వేసుకుంటే

మార్గశిరం, పుష్యం నెలల్లో పెట్టుకోండి. ఆషాఢ శ్రావణాల్లో బ్లాస్ట్ చేసిన ఇనుము మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేలోపే నారింజ రంగు తిరుగుతుంది. రెండోసారి వేసినప్పుడు నేను పొద్దున బ్లాస్టింగ్ చేయించి, మానిఫోల్డ్‌ని శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను. బ్లో ల్యాంప్‌తో కాస్త వేడి చేసేసరికి అప్పటిదాకా శుభ్రంగా కనబడిన పోతలోంచి సన్నటి నీలం పొగ లేచింది. నలభై ఏళ్ళుగా రంధ్రాల్లో దాగిన నూనె అది. పొగ ఆగేదాకా వేడి చేసి, చల్లారాక తిన్నర్‌తో తుడిచి, ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకుండా సాయంత్రంలోపు రెండు పలచటి కోట్లు వేశాను. గ్యాస్కెట్ ముఖానికి టేపు అంటించాను. అక్కడ పూత పడితే కొన్నాళ్ళకి లీకు వస్తుంది.

బిగించాక బండి బయట ఖాళీ చోట పెట్టి, మొదటిసారి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపేయాలి. పూర్తిగా చల్లారనివ్వాలి. రెండోసారి ఇరవై నిమిషాలు, మళ్ళీ చల్లారాలి. మూడోసారి అరగంట రోడ్డు మీద నడపాలి. ఓవెన్ దొరికితే 120, 200, 315 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున, మధ్యలో అరగంట చల్లారుస్తూ కాల్చడం ఇంకా మంచిది. పొగ వస్తుంది, ఘాటుగా ఉంటుంది, పిల్లలని దూరంగా ఉంచండి. ఈ మూడు వేడులూ అయ్యేదాకా వాటర్ సర్వీసింగ్‌కి ఇవ్వకండి. ఆ తర్వాత కూడా, ఇంజిన్ చల్లారకుండా మానిఫోల్డ్ మీద నీళ్ళు కొట్టనివ్వకండి. పూత సంగతి అటుంచి, పోత ఇనుమే పగులుతుంది.